పంటు వేరు, గాదె వేరు

కంప్యూటరులో తెలుగు అనగానే మన చర్చలన్నీ ఖతుల చుట్టూ, మీటల చుట్టూ తిరుగుతాయి. అక్షరం తెరపై కనబడిందా, వత్తు సరిగా కూర్చున్నదా, టైపు చేయడం సులువుగా ఉన్నదా, ఇంతవరకే మన ఆరాటం. వ్రాసినదానిని ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి, ఒక ప్రోగ్రామింగు భాష నుండి మరొక ప్రోగ్రామింగు భాషకు చెడకుండా చేరవేయడం ఎట్లా అన్న ప్రశ్న భాషాభిమానులలో ఎవరికీ పట్టదు. అది ఇంజనీర్ల పని అని ఊరుకొంటాము. ఆ పనిలో సగానికి పైగా భాషాపండితుడు చేయవలసినదే అని నా అభిప్రాయం. కారణాలు విన్నవిస్తాను. చదువరులు ఓపికతో చిత్తగించగలరు.

పదవీ విరమణ తరువాత నేను కోనసీమ వృత్తిపదాలను పోగుచేస్తున్నాను. కొబ్బరి దింపు, ఒలుపు, కురిడీ, పీచు పనులవారి మాటలు. వరిచేలు, పంటకాలువలు, ఏటిగట్ల మాటలు. రేవులలో పడవలవారి మాటలు. ఈ దారి నేను వేసినది కాదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. ఆ మహాప్రయత్నం ముందు మాది ఉడుతాభక్తి. అయినను మాట పలికే పెద్దలు ఒక్కరొక్కరే వెళ్ళిపోతున్నారు కనుక ఎవరో ఒకరు వ్రాసిపెట్టక తప్పదు.

ఈ పనికి నా పూర్వ విద్యార్థులు ముగ్గురు తోడైనారు. ఒకరు హైదరాబాదులో ఉండి జావా భాషలో వెతుకుడు పనిముట్టు వ్రాశారు. మరొకరు అమెరికాలో ఉండి పైతాన్ భాషలో అక్షరదోషాలు ఏరుతున్నారు. మూడవవారు డార్ట్ అనే భాషలో ఫోనులో నమోదు చేసుకొనే ఉపకరణం తయారుచేశారు. పదమూ దాని వివరమూ కలిసిన నమోదును నిఘంటుకారులు ఆరోపం అంటారు. ఒకే ఆరోపం ఈ మూడు భాషల గడపలూ దాటాలి. ఒకదానిలో కట్టిన మూట రెండవదానిలో విప్పితే లోపలి సరుకు చెక్కుచెదరకుండా రావాలి. దీనినే సీరియలైజేషన్ అంటారు. మూటకట్టడం, మూట విప్పడం అంటే మన చెవికి తేలిక.

మా వాళ్ళు దీనికి ఎంచుకొన్నది ప్రోటోకాల్ బఫర్స్ అనే లైబ్రరీ. ఇక్కడ లైబ్రరీ అంటే గ్రంథాలయం కాదు. ఇతరులు వ్రాసి సిద్ధంచేసిన ఆదేశాల కట్ట. గూగుల్ సంస్థ 2001లో తన సొంత అవసరాలకు దీనిని మొదలుపెట్టి, 2008 జూలైలో అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఫేస్‌బుక్ 2007లో బయటపెట్టిన థ్రిఫ్ట్, 2009లో మొదలైన అవ్రో ఈ కోవలోనివే. "మాస్టారూ, ఇది మేము చూసుకొంటాం. మీరు మాటలు పోగుచేయండి చాలు" అన్నారు పిల్లలు. నేను ఒప్పుకోలేదు. నా మాటలు ఎక్కే పడవ ఎటువంటిదో నాకు తెలియాలి కదా!

తెలుసుకొన్నకొద్దీ ఇది పరాయి విద్య అనిపించలేదు. ఈ పద్ధతిలో ముందుగా ఒక నిర్వచన పత్రం వ్రాసుకోవాలి. ఆరోపంలో ఏయే గడులు ఉంటాయో, ఏ గడికి ఏ సంఖ్యో అందులో నిర్ణయం. 1వ గడి పదం, 2వ గడి అర్థం, 3వ గడి వృత్తి, 4వ గడి సేకరించిన ఊరు, ఇట్లా. మూట కట్టేటప్పుడు గడి పేరు మూటలోకి పోదు. సంఖ్య మాత్రమే పోతుంది. 'దింపు' అన్న మాటను 1వ గడిలో పెట్టి కట్టితే వచ్చే మూట మొత్తం 17 బైట్లు. మొదటి బైటు 10. అంటే 1వ గడి, అందులో ఉన్నది అక్షరరాశి అని. రెండవది 15, తరువాత 15 బైట్లు సరుకు ఉన్నదని. ద, గుడి, సున్న, ప, కొమ్ము, ఈ అయిదింటికి తలా మూడు బైట్ల చొప్పున 15. 'ద' ఒక్కటే 224, 176, 166 అనే మూడు సంఖ్యలుగా పోతుంది.

పెద్ద సంఖ్యలను కట్టే తీరు చూసి ముచ్చటపడ్డాను. మన శాసనాలలో శకసంవత్సరాన్ని మాటలతో చెప్పే భూతసంఖ్యా పద్ధతి పండితులకు తెలిసినదే. గగనమంటే 0, నేత్రమంటే 2, రసమంటే 6, చంద్రుడంటే 1. 'గగన నేత్ర రస చంద్ర' అన్నారనుకోండి, ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి ఎడమకు వ్రాసుకొంటూ పోతే 1620 వస్తుంది. ఈ లైబ్రరీలో పూర్ణసంఖ్యలు కట్టే పద్ధతీ అదే నడక నడుస్తుంది: చిన్న స్థానం ముందు, పెద్ద స్థానం వెనుక. మనకు పది పదులుగా స్థానాలు. దానికి 128 చొప్పున. 300 అంటే రెండు 128లు, మీద 44. ముందు 44, తరువాత 2. ఇంకా ఉన్నదని తెలిపేందుకు మొదటిదానికి 128 కలుపుతారు. కనుక మూటలో 172, 2 అని ఉంటుంది. నడక తెలియనివాడు శాసనాన్ని తిరగేసి చదివితే 1620 కాస్తా 0261 అయినట్లే, ఇక్కడా ఒప్పందం తెలియనివానికి ఆ రెండు బైట్లూ అర్థంలేని అంకెలు.

ఈ పద్ధతిలోని బలమూ బలహీనతా ఒక్కచోటనే ఉన్నాయి. బహుజనపల్లి సీతారామాచార్యుల వారి శబ్దరత్నాకరము వంటి నిఘంటువులలో 'దే. వి.', 'వై. వి.' అని పొట్టి గుర్తులుంటాయి. దేశ్య విశేష్యమనీ, వైకృత విశేష్యమనీ వాటి భావం. స్థలం కలిసివస్తుంది, చదవడం వేగమవుతుంది. అయితే ఆ గుర్తులను వివరించే పుటలు చిరిగిపోయిన ప్రతి కొత్త విద్యార్థి చేతిలో పడితే వాడి గతి ఏమిటి? ప్రోటోకాల్ బఫర్స్ మూట ఎల్లప్పుడూ ఆ పుటలు చిరిగిన నిఘంటువే. నిర్వచన పత్రం విడిగా ఉంటుంది. అది పోతే 4వ గడిలో ఉన్న మాట ఊరి పేరో, చెప్పినవారి పేరో, పర్యాయపదమో ఆ మూట చెప్పదు.

ఇక స్థాపన సంగతి. దీనిలో రెండు భాగాలు. నిర్వచన పత్రాన్ని చదివి జావాకు జావా ఆదేశాలు, పైతాన్‌కు పైతాన్ ఆదేశాలు వ్రాసిపెట్టే ప్రోటోక్ అనే కంపైలరు ఒకటి. ఆ ఆదేశాలు నడిచేటప్పుడు వెన్నంటి ఉండే లైబ్రరీ రెండవది. అది ఒక్కొక్క భాషకు ఒక్కొక్కటి. ఉబుంటు ఉన్న కంప్యూటరులో కంపైలరును ఒక్క ఆదేశంతో తెచ్చుకోవచ్చు. పైతాన్ లైబ్రరీకి 'పిప్ ఇన్‌స్టాల్ ప్రోటోబఫ్' అంటే చాలు. టీ చల్లారేలోపు పూర్తి అవుతుంది. చిక్కు ఎక్కడంటే, ఈ రెండూ రెండు వేరు కొట్ల నుండి వస్తాయి. ఒక కొట్టులో నిరుడు వచ్చిన సరుకు ఉండవచ్చు, రెండవదానిలో నిన్నటిది ఉండవచ్చు.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. 2022 మే నెలలో పైతాన్ లైబ్రరీ 4.21.0 కూర్పు వెలువడింది. 3.19 కంటె పాత కంపైలరు వ్రాసిపెట్టిన ఆదేశాలను అది అంగీకరించలేదు. దానితో లోకంలో ఎన్నో చోట్ల నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాములు తెల్లవారేసరికి మొండికేశాయి. మందు ముఖ్యంగా రెండు విధాలు: కొత్త కంపైలరుతో ఆదేశాలను మళ్ళీ వ్రాయించుకోవడం, లేదా లైబ్రరీని 3.20 కూర్పు దగ్గర కట్టివేయడం. అదే విడుదలలో కూర్పుల సంఖ్యలూ చీలిపోయాయి. కంపైలరు 21, పైతాన్ లైబ్రరీ 4.21, జావా లైబ్రరీ 3.21; మూడూ ఒకే కాన్పు బిడ్డలు. చివరి సంఖ్య కలిస్తే తోబుట్టువులని గుర్తించాలి. ఇది తెలియనివారు 4 పెద్దదా 21 పెద్దదా అని కొట్టుకొన్నారు.

అందుచేత మేము పాటిస్తున్న నియమం చాలా సాదాది. ఏ యంత్రంలో ఏ కూర్పు కంపైలరు, ఏ కూర్పు లైబ్రరీ ఉన్నదో తేదీతో సహా నిర్వచన పత్రం తలమీదనే తెలుగులో వ్రాసి ఉంచుతాము. ఒకరు మార్చదలిస్తే ముగ్గురికీ చెప్పి, పాత మూటలు కొన్ని కొత్త కూర్పుతో విప్పి చూసి, ఆ తరువాతనే మార్చాలి. కొత్తది వచ్చినదని ఎగబడకూడదు. పాతదే చాలునని ఏళ్ళ తరబడి కదలకుండానూ ఉండకూడదు. భద్రతాదోషాలు దిద్దేది కొత్త కూర్పులలోనే కనుక రెండవ పొరపాటుకూ మూల్యం ఉంటుంది.

కూర్పుల గొడవ ఇంజనీర్లు చూసుకోగలరు. అసలు పోషణ అర్థానికి సంబంధించినది. ఈ లైబ్రరీ వాడకంలో ఒక ధర్మసూత్రం ఉన్నది: ఒక గడికి ఒకసారి ఇచ్చిన సంఖ్యను మరొక అర్థానికి ఎన్నటికీ ఇవ్వరాదు. గడి అక్కరలేకపోతే తీసివేయవచ్చు. దాని సంఖ్యను మాత్రం 'రిజర్వ్‌డ్' అని పత్రంలో వ్రాసి ముద్రవేయాలి. సంఖ్యలకు కరవేమీ లేదు. 1 నుండి 53 కోట్లు దాటేదాకా ఉన్నాయి. లైబ్రరీ తన కోసం అట్టిపెట్టుకొన్నవి 19000 నుండి 19999 వరకు మాత్రమే. మొదటి 15 సంఖ్యలకు గుర్తు ఒక్క బైటులో సరిపోతుంది కనుక జనానికి చిన్న సంఖ్యల మీద ఆశ. ఆ ఆశ దగ్గరనే పని చెడుతుంది.

మా పనిలోనూ చెడింది. నడుమ కొన్నాళ్ళు సాయపడిన ఒక యువకుడు ఊరి గడిని రెండుగా చీల్చి గ్రామం, మండలం అని కొత్త సంఖ్యలిచ్చాడు. మంచిదే. ఖాళీ అయిన 4వ సంఖ్యను చూసి, ఊరకే పోతున్నదని, 'చెప్పినవారి వృత్తి' అన్న కొత్త గడికి దానిని తగిలించాడు. ఊరూ అక్షరరాశియే, వృత్తీ అక్షరరాశియే. యంత్రానికి ఏ అనుమానమూ రాలేదు. పాత మూటలు విప్పితే చెప్పినవారి వృత్తి 'ఎదుర్లంక' అనీ, 'అయినాపురం' అనీ వచ్చింది. నవ్వుకొన్నాము కానీ, అది ఊరి పేరు కాబట్టి దొరికింది. అర్థానికీ ఉదాహరణకూ మధ్య ఇటువంటి మార్పు జరిగి ఉంటే కనిపెట్టడం ఎవరి తరం? తప్పును మొరపెట్టే దోషం మేలు. నోరుమూసుకొని ఉండే దోషం నిఘంటువును లోపల తినివేస్తుంది.

భాషాపండితుడు ఈ పనిలో ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. గడికి సంఖ్య ఇవ్వడం యంత్రశాస్త్రం కావచ్చు. ఆ గడి దేనిని చెబుతుంది, దేనిని చెప్పదు అని నిర్ణయించడం నిర్వచనశాస్త్రం. మన జిల్లానే చూడండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు ముమ్మిడివరం తూర్పు గోదావరి నుండి కోనసీమ జిల్లాలోకి వచ్చింది. ఆ సంవత్సరమే అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయింది. అంతకుముందు సేకరించిన ఆరోపాలలో జిల్లా గడిలో 'తూర్పు గోదావరి' అని ఉన్నది. దానిని దిద్దాలా? అన్నిటినీ ఒక్క పెట్టున మార్చేద్దామన్నారు పిల్లలు. "నాయనలారా, అది తప్పు కాదు, ఆనాటి నిజం" అన్నాను. ఆ గడి నిర్వచనాన్ని 'సేకరణనాటి జిల్లా' అని స్పష్టపరచి, 'నేటి జిల్లా' అని కొత్త సంఖ్యతో వేరొక గడి చేర్చాము. పాతది చెడలేదు, కొత్తదీ చేరింది. మార్పు వచ్చినప్పుడు పాత గడిని గిల్లకుండా కొత్త గడి చేర్చడమే ఈ విద్యకంతటికీ మూలసూత్రం.

అట్లాగే నిర్వచనంలో లేని అర్థాన్ని సంఖ్య నుండి పిండరాదు. ముమ్మిడివరం పిన్ 533216. 53తో మొదలైతే ఆంధ్రప్రదేశమే కదా అని ప్రోగ్రాములో వ్రాసేవారున్నారు. ఎదుర్లంక దగ్గర గౌతమి దాటితే యానాం. దాని పిన్ 533464. యానాం పుదుచ్చేరిలోనిది! తపాలాశాఖ ఆ అంకెలను ఉత్తరాల బట్వాడాకు ఇచ్చింది కానీ రాష్ట్రాల సరిహద్దులు గీయడానికి కాదు. రాష్ట్రం కావలసినవారు రాష్ట్రమనే గడి పెట్టుకోవాలి.

మరొక సూక్ష్మం. 'లేదు' వేరు, 'తెలియదు' వేరు. ఒక పదానికి బహువచన రూపం లేదని విచారించి తేల్చడం ఒకటి. ఇంకా ఎవరినీ అడగలేదు అన్నది మరొకటి. 2016లో వచ్చిన ఈ లైబ్రరీ మూడవ తరం పద్ధతిలో మామూలు గడి ఖాళీగా ఉంటే అసలు నింపలేదా, ఖాళీ అని నింపారా అన్న భేదం దక్కలేదు. ఆ భేదం చూపే 'ఆప్షనల్' అన్న మాట 2021లో మళ్ళీ అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇంజనీరుకు ఇది చిన్న సౌకర్యం. నిఘంటుకారునికి ఇది సత్యాసత్య విచారణ. అడగవలసిన వాడు అడగకపోతే యంత్రం మన అజ్ఞానాన్ని సిద్ధాంతం చేసి కూర్చుంటుంది.

లైబ్రరీ మోసేది బైట్లను. అక్షరాల మంచిచెడ్డలు దానికి తెలియవు. అక్షరరాశి యూటీఎఫ్-8 పద్ధతిలో ఉండాలని మాత్రం అడుగుతుంది. తెలుగులో ఐత్వాన్ని యూనికోడు రెండు విధాలుగా వ్రాయనిస్తుంది. 3144 అనే ఒక్క సంఖ్యతో వ్రాయవచ్చు. ఎత్వానికి 3142, దాని క్రింది గుర్తుకు 3158 అని రెండు సంఖ్యలతోనూ వ్రాయవచ్చు. తెరపై 'కై' ఒక్కటే, మూటలో రెండు రకాలు. పొల్లు హల్లు తరువాత వచ్చే అక్షరంతో కలవకుండా పెట్టే కంటికి కనబడని విడదీత గుర్తు ఇంకొక తంటా. ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. వెతికితే ఒకటి దొరుకుతుంది, రెండవది దొరకదు. కాబట్టి కట్టక ముందే ఒక పద్ధతిలోకి తెచ్చుకోవాలి. వడ్లలో రాళ్ళు ఏరడం పడవవాని పని కాదు.

ఆ మాటకు వస్తే, దారిలో సరుకు పాడయిందా అన్నదీ దానంతట అది చూడదు. మన కోనసీమలో ఘనపాఠులు ఉన్నారు. ఘనలో రెండు పదాలను ముందుకు, వెనుకకు, మూడింటిని మళ్ళీ ముందుకు, వెనుకకు, ముందుకు చెబుతారు. స్వరం గాని వర్ణం గాని జారితే ఆ తిరుగుడులో బయటపడుతుంది. కాగితం లేని కాలంలో పాఠాన్ని కాపాడినది ఆ పునరుక్తియే. ప్రోటోకాల్ బఫర్స్ పునరుక్తిని పూర్తిగా వదలుకొని పొదుపు సాధించింది. అందుచేత మూటకు సరిచూపు సంఖ్య ఒకటి లెక్కకట్టి మనమే విడిగా ఉంచుకోవాలి.

ఇంత జాగ్రత్త ఎందుకయ్యా అనేవారికి మన తెలుగు కంప్యూటరు చరిత్రనే చూపిస్తాను. డీటీపీ వచ్చిన తొలి రెండు దశాబ్దాలలో ఒక్కొక్క ఖతి సంస్థ ఒక్కొక్క సంకేతావళి కల్పించుకొన్నది. ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలు కూర్చారు. ఒక ఖతిలో తలకట్టు ఉన్నచోట మరొక ఖతిలో వత్తు. ఆ ఖతి చేతిలో ఉంటే తెలుగు, లేకపోతే అర్థంలేని ఆంగ్లాక్షరాల గుట్ట. పుస్తకాలు అచ్చయినాయి కనుక ఆ నష్టం అప్పుడు తెలియలేదు. ఈనాడు ఆ దస్త్రాలు తెరిచి చూస్తే తెలుస్తున్నది. సంఖ్యకు అర్థం ఇదీ అన్న ఒప్పందం ఒకటి లేకపోవడమే ఆ నష్టానికి మూలం.

యూనికోడు 1991లోనే తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించింది. ఇచ్చిన స్థానాన్ని తిరిగి తీసుకోదు, మరొక అక్షరానికి ఇవ్వదు. 2014లో ప్రాచీన ఴకారం చేరినా, 2021లో నకారపొల్లు చేరినా ఖాళీ స్థానాలలోనే చేరాయి, పాతవి కదలలేదు. గడి సంఖ్యను తిరిగి వాడరాదన్న సూత్రమే ఇదీ. ఆ నిలకడ వల్లనే ఈనాడు తెలుగు అక్షరం ఏ దేశంలోని ఫోనులో తెరిచినా తెలుగుగానే కనబడుతున్నది.

పాత సంకేతాల నుండి యూనికోడులోకి మార్చేందుకు నాగార్జున వెన్న గారు 'పద్మ' అనే ఉపకరణం వ్రాశారు. ఫైర్‌ఫాక్స్ విహరిణికి పొడిగింతగా అది ఎందరికో పత్రికల పుటలను యూనికోడులో చూపింది. అయితే 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు పాత పద్ధతి పొడిగింతలన్నిటినీ నిలిపివేసింది. పద్మ పుట్టినది ఆ పాత పద్ధతిలోనే. ఉపకరణం ఎంత మంచిదైనా దానిని మోసే నేల కదిలితే మళ్ళీ నిలబెట్టేవారు కావాలి. వ్రాసినవారి ప్రతిభను మనం పొగడుతాము. పోషించేవారి శ్రమను తలచుకోము. మన సాహిత్య సభలలో గ్రంథకర్తకు శాలువా ఉంటుంది, ప్రతిని ఎత్తివ్రాసి బ్రదికించిన లేఖకునికి ఉండదు. ఇదీ ఆ కోవలోనిదే.

ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. "కొన్ని వేల మాటలకు ఇంత హంగు దేనికి? సాదా పాఠ్యం చాలదా, జేసన్ చాలదా?" అని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. జేసన్ దస్త్రంలో గడి పేరు ప్రతిచోటా అక్షరాలలో ఉంటుంది. మనిషి కళ్ళతో చదువుకోవచ్చు. సంస్థల మధ్య ఇచ్చిపుచ్చుకొనే జేసన్ యూటీఎఫ్-8లోనే ఉండాలని 2017 డిసెంబరు నాటి ప్రమాణం నిర్దేశించింది కూడా. ఒక్కరు ఒక్క యంత్రంలో చేసుకొనే పనికి అదే మేలు. మూడు భాషల మధ్య రోజూ రాకపోకలుంటే, గడులు రకం తప్పకుండా ఉండాలంటే, నెమ్మది జాలంలో ఫోనుకు త్వరగా చేరాలంటే ప్రోటోకాల్ బఫర్స్ వంటిది నిజంగా సుఖం. మేము వాడుతున్నాము, మానము.

నా అభిప్రాయం ఇంతే: చేరవేయడానికి వాడండి, దాచడానికి వాడకండి. పంటు ఏరు దాటిస్తుంది. వడ్లు ఈ ఒడ్డు నుండి ఆ ఒడ్డుకు చేరాక గాదెలో పోసుకొంటాముగాని పంటులోనే వదిలి ఇంటికి పోము. పైతాన్ నుండి జావాకు మూటగా పోయిన ఆరోపం, రాత్రికి సాదా తెలుగు పాఠ్యంగా, గడి పేర్లతో సహా, ఎవరు తెరిచినా చదువుకొనేటట్లు దాచబడాలి. పక్కనే నిర్వచన పత్రం, అందులో ప్రతి గడికి తెలుగులో రెండు వాక్యాల వివరణ ఉండాలి. ఏటా ఒకసారి పాత ప్రతిని వేరొక యంత్రంలో విప్పి చూడాలి. మరొక ప్రతి కాగితం మీద అచ్చువేసి ఊరి గ్రంథాలయంలో ఉంచాలి. మేమంతా పోయాక, ఈ లైబ్రరీ మూలపడ్డాక కూడా 'దింపు' అంటే కాయలు కోసి దించడమే కాక ఒక విడత కోతకూ ఆ పేరేనని చదువుకొనేవానికి అందాలి.

నాలాగా విశ్రాంతి తీసుకొంటున్న తెలుగు ఉపాధ్యాయులకు ఒక మనవి. మీ ఊళ్ళోనూ పదాలో, పాటలో, సామెతలో పోగుచేసే యువకులుంటారు. వారిని ఖతి ఏది అని అడిగి ఊరుకోవద్దు. గడులు ఏమిటి, వాటి నిర్వచనం ఎవరు వ్రాశారు, తీసివేసిన సంఖ్యలకు ముద్ర వేశారా, సాదా ప్రతి ఎక్కడ ఉన్నది అని అడగండి. ఆదేశాలు వారు వ్రాస్తారు. నిర్వచనాలు మీరు వ్రాయండి. జీవితమంతా సంజ్ఞ, సంధి, సమాసం అంటూ నిర్వచనాలు చెప్పినవాళ్ళం. ఈ పనికి మనకన్న తగినవారు ఎవరు?

స్వస్తి.